ఈస్టరు సున్నం

దీవి మీది ప్రోతరాపూర్‌లో మొదటి బస్సు హారన్ కొట్టి వెళ్లేసరికి ముసలి యిర్మియా పెరట్లో ఉన్నాడు. మర్నాడు ఈస్టరు. సమాధులకు సున్నం కొట్టాలి. రాత్రి గుంటలో కాల్చిన గుల్లల మీద ఆయన నీళ్లు చల్లుతుంటే అవి చుయ్యిమంటూ పొడిపొడి అవుతున్నాయి. ఏటా భార్య సమాధికి తన చేతి సున్నమే పడాలి ఆయనకు.

టీ గ్లాసుతో వరండాలోకి వచ్చిన కూతురు పుష్పవతికి మూలన సముద్రపు గుల్లల సంచి ముడి విప్పకుండానే కనిపించింది. పక్కనున్న తన సంచి లేదు. ఆమె పెరట్లోకి పరుగెత్తింది.

"నాన్నా! ఏ సంచి కాల్చావు?"

"ఏటమ్మా ఆ కేకలు? గోడవార ఉన్నదే. గుంటలో బోర్లించీసినాను."

పెళ్లీ పెటాకులూ లేకుండా తను దీవి దీవికీ తిరిగి ఏరిన నేలనత్తల గుల్లలవి. ఒకే జాతి నత్త ఒక్కో దీవిలో విడిగా చిక్కుకుని, తరతరాలకు వేరు వేరు జాతులుగా ఎలా మారిందో ఆ గుల్లలే సాక్ష్యం. ఆ సంగతి అందరికన్నా ముందు పట్టుకున్నది పుష్పవతే. వచ్చే ఓడలో కలకత్తా నుంచి శాస్త్రవేత్తలు చూడటానికి వస్తున్నారు కూడా. పెట్టెకు చెద పట్టిందని నిన్ననే సంచిలోకి మార్చింది, పాడు బుద్ధి!

"అరే, నా బతుకంతా బుగ్గి చేశావు గదా! ఊరంతా నత్తల పిచ్చిదని నవ్వినా పడ్డాను. ఎవరు నమ్ముతారిక నన్ను? దీవికొకటి చొప్పున అన్ని మూటలున్నాయి సంచిలో, కళ్లు కనబడవా నీకు?"

యిర్మియా లోటా కింద పెట్టాడు.

"కనబడవే తల్లీ. నిరుటి వానల కాడ్నించీ అంతా మసకే. సెప్తే నువ్వు దీవులకెళ్లడం మానీసి నా కాడే కూకుంటావని సెప్పనేదు. మాఫ్ సెయ్యమ్మా. మళ్లీ ఏరుకుందారి."

"ఎక్కడ ఏరుకుంటాం నాన్నా? సగం దీవుల్లో అడవి కొట్టేసి ఊళ్లు కట్టారు. ఆ నత్తలు ఇక లేవు."

ఆ అడవి దుంగలనే చాతం మిల్లులో ఏళ్ల తరబడి కోసినవాడు యిర్మియా. ఆయన తల వంచుకున్నాడు.

పుష్పవతి గుంట పక్కనే కూలబడింది. గుల్ల మీద వెంట్రుకవాసి గీత మారినా పట్టేసే కళ్లు ఆమెవి. రోజూ ఎదురుగా కూర్చుని తండ్రి పళ్లెంలో కూర తడుముకుంటుంటే మాత్రం చూడలేదు. ఆమెకు ఏడుపు ఆగలేదు. దేనికోసం ఏడుస్తోందో కూడా తెలియలేదు.

సాయంత్రం సమాధి దగ్గర తండ్రి చేతికి కుంచె ఇచ్చి, ఆ చేతిని తనే పట్టుకుని నడిపించింది. అన్ని దీవులూ కలిసిపోయిన సున్నం. ఏ దీవి గుల్ల ఎక్కడుందో ఇక ఎవరూ చెప్పలేరు.

"తెల్లగా వచ్చిందా తల్లీ?"

"వచ్చింది నాన్నా," అంది పుష్పవతి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.