బోర్డు మీది అంకె

సాయంత్రం 4:31. ఫోరెన్సిక్ లాబ్‌లో కిడ్నాప్ కేసు నిందితుడి లాప్‌టాప్ స్కాన్ మూడోసారి పూర్తయింది.

తెలియని ఫైళ్లు: సున్నా!

"మళ్లీ సున్నానా?" ఫోన్‌లో ఇన్‌స్పెక్టర్ గొంతు. "ఐదింటికి వాణ్ణి వదిలెయ్యాలి మేడమ్! పాప కనబడక మూడు రోజులైంది!"

"నా మీద అరిస్తే ఫైళ్లు పుట్టుకొస్తాయా?"

"రిపోర్టు కోసం మీ గేటు బయటే జీపులో ఉన్నా. ఫోన్ పెట్టను."

"మీ ఇష్టం."

ఎగ్జామినర్ స్పీకర్ నొక్కి ఫోన్ బల్ల మీద పడేస్తుంది.

ప్రతి ఫైల్‌కీ ఒక హ్యాష్... వేలిముద్ర లాంటిది. ఫైల్ పేరు మార్చినా అది మారదు. తెలిసిన సాఫ్ట్‌వేర్ ఫైళ్ల హ్యాష్‌లు లాబ్ జాబితాలో ఉన్నాయి. జాబితాలోని హ్యాష్‌తో సరిపోలిన ఫైళ్లను స్కాన్ దాచేస్తుంది. మిగిలినవే చూస్తారు.

ఇక్కడ ఏమీ మిగల్లేదు.

"సంతకం పెట్టేయమ్మా," అంటారు పక్క టేబుల్ నుంచి మాస్టారు. ఆమెకు పని నేర్పింది ఆయనే. పొద్దున లాప్‌టాప్ సీలు విప్పిందీ ఆయనే.

"నా లాప్‌టాప్‌లో మా అత్తగారి ఫొటోలే నాలుగొందలున్నాయి మాస్టారూ. వీడికి ఒక్కటీ లేదా?"

"తుడిచేసుంటాడు."

ఆమె పెన్ను తీస్తుంది. రిపోర్టులో జాబితా సైజు రాయాలి. రోజూ పొద్దున్నే ఆ అంకెను గోడ బోర్డు మీద వేస్తుంది. గోడకి పాఠం చెబుతున్నావా అని మాస్టారు వేళాకోళం చేస్తారు.

బోర్డు మీది పొడవాటి అంకెలో చివరి మూడు స్థానాలు 318.

స్క్రీన్ మీద 319!

ఒకటి ఎక్కువ.

జాబితాలో ఆఖరి హ్యాష్ చేర్చిన సమయం పొద్దున 11:40. పేరు... ప్రింటర్ డ్రైవర్. ఆ హ్యాష్‌తో లాప్‌టాప్‌లో వెతుకుతుంది.

ఒక్క ఫైల్. తెరుస్తుంది.

వీడియో! పద్నాలుగు సెకన్లు. ఇనప రాక్. దాని కాలికి కట్టేసిన పాప. రాక్ మీద హార్డ్‌డిస్కులు, వాటికి పసుపు లేబుళ్లు.

లేబుళ్ల మీద చేతిరాత తనదే!

"ఇది... మన కింది స్టోర్ రూమ్!"

వెనక తలుపు గడియ పడుతుంది. మాస్టారు. చేతిలో తుపాకి.

"ఫైల్ చెరిపితే ఆనవాలు మిగిలి కోర్టులో దొరికిపోతాం. జాబితాలో వేస్తే స్కానే దాస్తుంది," అంటారాయన, పాఠం చెప్పినట్టే. "ఆ బోర్డు తీసెయ్యమని ఎన్నిసార్లు చెప్పానమ్మా..."

"స్పీకర్ ఆన్‌లోనే ఉంది మాస్టారూ."

ఢాం!

4:49. పోలీసులు స్టోర్ తాళం పగలగొట్టారు. పాప బతికే ఉంది. పైన లాబ్ తలుపు ఇంకా తెరుచుకోలేదు.