మందు ఎవరు కొట్టమన్నారు?

మధుర సెలవు పెట్టింది ఒక్క రోజే. మరునాడు పొద్దున్నే లేఔట్ గేటు దాటి లోపలికి వచ్చేసరికి, పార్కు వాలు దగ్గర ఒక యువకుడు వెదురు తట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. పలకరింపు కూడా లేకుండా, తోట బోర్డు మీద రాసి ఉన్న పేరు చూపించి, ఇది నువ్వేనా అని అడిగాడు.

"నేనే. ఏం కావాల?"

"ముందు ఇది చూడమ్మా. తర్వాత చెప్తాను ఏం కావాలో."

తట్ట నిండా పట్టుపురుగులు. నాలుగో జ్వరం లేచి, అంటే నాలుగోసారి పొర విడిచి, వేలంత లావై, ఇంకో వారంలో గూడు కట్టాల్సినవి. తలలు పైకెత్తి మెలికలు తిరుగుతూ, నోట్లోంచి పచ్చటి నీళ్ళు కక్కుతున్నాయి. కొన్ని అప్పటికే ముడుచుకుని నల్లబడ్డాయి.

అతని పేరు నాగేశ్. క్యాసంబళ్ళి రోడ్డులో, లేఔట్ కంచెకు అవతల ఉన్న ఎకరంన్నర మల్బరీ తోట అతనిది. నిన్న మధ్యాహ్నం లేఔట్ వాళ్ళు వాలంతా పురుగుమందు కొట్టారు. అప్పుడు గాలి మల్బరీ మీదికి వీచింది. ఆ సంగతి తెలియక నాగేశ్ సాయంత్రం కంచె పక్క సాళ్ళలోనే ఆకు కోసుకుపోయి మేపాడు.

"మందు కొట్టేముందు పక్కన రేషం తోట ఉండాదని తెలీదా? ఒక మాట చెప్పింటే అవతల పక్క ఆకు కోసుకుంటా ఉంటిని కదా. చదువుకున్నదానివే, ఇంతమాత్రం తెలీదా?"

మధురకు రెండు వైపులా మంట పుట్టింది. మందు కొట్టించింది తను కాదు. కొట్టొద్దని చెప్పింది కూడా తనే. అయినా పదిమంది వాకింగ్ చేస్తున్న చోట మాటలు పడుతున్నది మాత్రం తను.

"నేను కొట్టమని చెప్పలేదు," అంది.

"బోర్డు మీద నీ పేరే ఉండాది."

నాగేశ్ తట్ట తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ వాలు మీది మొక్కలు మధుర వేయించినవే. రాబర్ట్‌సన్‌పేటలో రిటైరైన మాస్టారు సుబ్బరాయ కూతురామె. తోటల చదువు చదివి, ఈ లేఔట్ పార్కుల పని చూసుకుంటోంది. వానకు మట్టి కొట్టుకుపోకుండా వాలంతా వెడీలియా నాటించింది. నేల మీద పాకుతూ అల్లుకుపోయి, చిన్న చిన్న పసుపు పూలు పూసే తీగ అది. పదిహేను రోజుల కిందట ఆకులు పాలిపోవడం మొదలైంది. మేనేజరు ఆదినారాయణప్ప అది పురుగేనని, మందు డబ్బా తెప్పిస్తానని అన్నాడు. ఏది పట్టిందో చూడకుండా ఏదీ కొట్టొద్దని మధుర గట్టిగానే చెప్పింది. ఆయన ఆమె సెలవు పెట్టిన రోజు కోసం కాచుకుని ఉన్నాడని ఇప్పుడు తెలిసింది.

ఆఫీసు గదిలోకి వెళ్ళేసరికి ఆయన రిజిస్టరు తెరిచి సిద్ధంగా పెట్టుకున్నాడు. తోట మేడమ్ సలహా మీద మందు కొట్టించినట్టు అందులో రాసి ఉంది. కింద సంతకానికి చోటు వదిలారు.

"చిన్న సంతకమే కదమ్మా. దీంట్లో ఎవరికీ నష్టం లేదు."

"నాకు ఉండాది సార్ నష్టం. నేను చెప్పని మాట నా పేరుతో రాస్తే ఎట్లా ఊరుకుంటాను?"

అయితే ఆదివారం లేఔట్ వాళ్ళ మీటింగు ఉందని, ఈ పని నీకు చేతకావడం లేదని అక్కడ చెప్పాల్సి వస్తుందని ఆదినారాయణప్ప మెత్తగా అన్నాడు. మధుర రిజిస్టరు మూసి ఆయన ముందుకు తోసి బయటికి వచ్చేసింది.

వచ్చి నేరుగా వాలు దగ్గర కూర్చుంది. ఆకు తిప్పి చూస్తే అడుగున సన్నటి బూజులాంటి దారాలు కనబడ్డాయి. బ్యాగులోంచి తెల్ల కాగితం తీసి, తీగ కింద పట్టి రెండుసార్లు తట్టింది. కాగితం మీద ఆవగింజలో పదో వంతు లేని ఎర్రటి చుక్కలు రాలి, మెల్లగా నడవడం మొదలుపెట్టాయి. వేలితో రాస్తే ఎర్రటి గీత పడింది. ఎర్రనల్లి.

ఆ కాగితం మడిచి పట్టుకుని కంచె చుట్టూ తిరిగి నాగేశ్ ఇంటికి వెళ్ళింది. పురుగులు పెంచే షెడ్డు వాకిట్లోనే అతను అడ్డం నిలబడి, తలలో పూలు తీసి రమ్మన్నాడు. వాసనకు పురుగులు ఆకు ముట్టవట. నిన్న మందు వాసన ముందు ఈ మూర మల్లెలు ఏపాటివని ఆమెకు నోటిదాకా వచ్చింది. కానీ పూలు తీసి గోడ మీద పెట్టింది.

లోపల నాగేశ్ తల్లి మునిలక్ష్మి పురుగుల తట్టలు పేర్చిన ఒక స్టాండు ముందు కూర్చుని చచ్చిన పురుగులను ఏరుతోంది. ఆరు స్టాండ్లలో విషపుటాకు పడింది ఆ ఒక్కదానికే. మధుర ఏమీ అడక్కుండా పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. గంట తర్వాత మునిలక్ష్మి, నీ పనులన్నీ యాడ పెట్టొచ్చినావమ్మా అని అడిగితే, అప్పుడు కాగితం విప్పి చూపించింది.

"ఇది పురుగు కాదు, నల్లి. దీనికి కాళ్ళు ఎనిమిది. వాళ్ళు కొట్టిన మందుకు ఇది చావదు. దీన్ని తినే అక్షింతల పురుగులు చచ్చినాయి, మీ పట్టుపురుగులు చచ్చినాయి. ఇది మాత్రం ఇంకా ఎక్కువైతాది."

నాగేశ్ కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు. "అయితే మందు కొట్టమన్నది నిజంగా నువ్వు కాదా?" అన్నాడు చివరికి.

"పొద్దున్నే చెప్పినాను. విన్నావా?"

అతను తల దించుకున్నాడు. మధురకు కోపం తగ్గలేదు గానీ, ఎవరి మీదికి మళ్ళించాలో స్పష్టమైంది.

రాత్రి భోంచేస్తూ తండ్రికి అంతా చెప్పింది. ఉద్యోగం పోయినా ఆ సంతకం మాత్రం పెట్టొద్దని సుబ్బరాయ అన్నాడు.

ఆదివారం పార్కులో జరిగిన మీటింగులో ఆదినారాయణప్ప ముందుగా లేచి, చీడ మళ్ళీ పెరిగిందనీ, మేడమ్ అశ్రద్ధే కారణమనీ, ఈసారి ఇంకా గట్టి మందు కొడితే సరిపోతుందనీ చెప్పాడు. మధుర లేచి నిలబడింది. కాగితాలు పంచి, ఎవరికి వాళ్ళనే వాలు మీద తీగ తట్టి చూడమంది. పెద్దవాళ్ళంతా వంగి, కళ్ళజోళ్ళు సర్దుకుని ఎర్ర చుక్కలు చూస్తుంటే, వెనక నుంచి నాగేశ్ చచ్చిన పురుగుల తట్టతో ముందుకు వచ్చాడు. ఇదే వాలు మీద మీ పిల్లలు జారుడు ఆడతారు కదా అని మాత్రం అన్నాడు.

పిల్లల తల్లులకు ఆ మాట చాలింది. మందు ఎవరు కొట్టమన్నారని ఒకావిడ అడిగింది. ఆదినారాయణప్ప మధుర వైపు చూపించబోతే, ఆవిడ రిజిస్టరు తెప్పించమంది. సంతకం చోటు ఖాళీగానే ఉంది. ఆయన నాగేశ్‌కు అందరి ముందు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఇకమీద వాలు మీద మధుర మాటే చెల్లాలని మీటింగు తేల్చింది.

మందు లేకుండా నల్లి ఎలా పోతుందని నాగేశ్ అడిగాడు. ఎండకు, దుమ్ముకు ఈ నల్లి పెరుగుతుందనీ, పాత బంగారు గనుల సైనైడ్ దిబ్బల నుంచి, పక్క మట్టి రోడ్డు నుంచి లేచే దుమ్మంతా ఆకుల మీదే పేరుకుంటోందనీ ఆమె చెప్పింది. బాగా ముదిరిన తీగలు కోసి గోనెసంచిలో కట్టి తీసేయాలి. మిగిలిన వాటికి ఆకుల అడుగున తగిలేలా నీళ్ళు గట్టిగా కొట్టాలి. అదీ ఒక్కరోజు కాదు, రెండు రోజులకోసారి. లేఔట్ పైపు వాలు కిందిదాకా అందదు. మరునాడు నాగేశ్ తన బోరు పైపు కంచె మీదుగా లాక్కొచ్చాడు.

మూడు వారాలు అలా గడిచాయి. పైపు అతను పట్టుకునేవాడు, తీగలు ఆమె ఎత్తి పట్టేది. ఆకులకంటే ఎక్కువగా ఆమె మీదే నీళ్ళు పడేవి. కావాలనే చేస్తున్నాడని ఆమె తిట్టేది, గాలి వల్లనేనని అతను ఒట్టు పెట్టుకునేవాడు. ఒకరోజు గాలే లేదు. ఆరోజు కూడా తడిసింది. తిట్టూ లేదు, ఒట్టూ లేదు.

నాలుగో వారం కాగితం మీద చుక్కలు లెక్కపెట్టగలిగినన్నే రాలాయి. ఒక ఆకు మీద అక్షింతల పురుగు కనబడితే నాగేశ్ ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుపోయి చూపించాడు. ఆ సాయంత్రమే పెద్ద వాన కురిసింది. మిగిలిన ఐదు స్టాండ్ల పురుగులు అంతకుముందే గూళ్ళు కట్టేశాయి.

పది రోజుల తర్వాత మధుర పని నుంచి ఇంటికి వచ్చేసరికి, అమ్మ కాఫీ గ్లాసులు కడుగుతోంది. నాగేశ్ తల్లి పెళ్ళి మాట తీసుకుని వచ్చి వెళ్ళిందని సుబ్బరాయ ఉత్సాహంగా చెప్పాడు. మంచి మనుషులనీ, అబ్బాయి మర్యాదస్తుడనీ, తాము సరేనన్నామనీ చెప్పాడు.

"నన్ను అడిగినారా?"

నీకు ఇష్టమే అనుకున్నాము అని ఆయన నసిగాడు. మధుర బ్యాగు కూడా దించకుండా వెనక్కి తిరిగి స్కూటరు తీసింది.

నాగేశ్ మల్బరీ తోటలో ఆకు కోస్తున్నాడు.

"మీ అమ్మను మా ఇంటికి పంపించే ముందు నాకొక మాట చెప్పాలని తెలీదా నీకు?"

"మా అమ్మా? సంతకు పోతానని పోయింది కదా," అన్నాడు అతను అయోమయంగా. సంగతి అర్థమయ్యేసరికి అతని ముఖం ఎర్రబడింది. "నేను పది దినాలుగా ఎట్లా అడగల్ల అని తల బద్దలు కొట్టుకుంటా ఉంటే, తను పోయి మాట్లాడేసి వచ్చిందా? నన్ను ఎవురు అడిగినారు?"

అతని కోపం చూసి మధురకు నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది.

"నీళ్ళు కొట్టేటప్పుడు అడిగి ఉండొచ్చు కదా."

"నువ్వు ఎప్పుడు చూసినా కోపంగానే ఉంటావు. ఎప్పుడు అడగల్ల?"

"ఇప్పుడూ కోపంగానే ఉన్నాను. అడుగు."

నాగేశ్ తలగుడ్డ తీసి ముఖం తుడుచుకుని, నన్ను పెండ్లి చేసుకుంటావా మధురా అని అడిగాడు. చేసుకుంటానని ఆమె చెప్పింది. చెప్పి, ముందు మీ అమ్మతో, తర్వాత మా నాన్నతో గట్టిగా పోట్లాడాల్సి ఉందనీ, త్వరగా రమ్మనీ అంటూ స్కూటరు స్టార్ట్ చేసింది. నాగేశ్ కొడవలి గట్టు మీద పెట్టి వెనక ఎక్కి కూర్చున్నాడు.