ఆనందమ్మ ఉపవాసాలు

ఆ శనివారం పొద్దున గిలకలదిండి హార్బరులో చేపల వేలం ముగియగానే గంగన్న తిన్నగా ఇంటికి వచ్చాడు. హైదరాబాదు నుంచి వచ్చిన కూతురు తేజస్విని చిన్న పెట్టెలో ఐసు తెమ్మని చెప్పింది మరి.

"ఏ చేపలు పట్టుకెళ్తావే? చందువాలు చూడమంటావా?"

"చేపలకి కాదు నాన్నా. మన రక్తానికి."

గంగన్న పకపకా నవ్వాడు. వంటింట్లో ఉన్న అతని భార్య వీరదుర్గ నవ్వలేదు.

తేజస్విని ఒక పరిశోధనశాలలో పనిచేస్తోంది. కొందరు పిల్లలు ఉన్నట్టుండి తిండికి ఎందుకు భయపడతారు, అందులో పుట్టుకతో వచ్చేదెంత, చుట్టూ ఉన్న పరిస్థితుల వల్ల వచ్చేదెంత అన్నది వాళ్లు తేల్చాలనుకుంటున్న సంగతి. అందుకోసం ఆ జబ్బు నుంచి కోలుకున్నవాళ్ల కుటుంబాల రక్తం సేకరిస్తున్నారు. కోలుకున్నవాళ్లలో తేజస్విని కూడా ఉంది.

గుడివాడ హాస్టల్లో ఇంటర్ చదివే రోజుల్లో ఆమె అన్నం మానేసింది. ఎముకలు తేలినా లావైపోతున్నానని అద్దం ముందు ఏడ్చేది. బెజవాడ డాక్టరు అది జబ్బని చెప్పేలోపే చుట్టాలంతా వీరదుర్గని తప్పుపట్టారు. అందరికంటే ముందు అత్తగారు ఆనందమ్మ. "కడుపున పుట్టినదానికి తిండి పెట్టడం చేతకాని తల్లి" అని ఆస్పత్రి గుమ్మంలోనే అనేసింది. వీరదుర్గ కూతురి పక్కన కూర్చుని ముద్ద ముద్దా తినిపించి బతికించుకుంది. కానీ ఆ మాటని మాత్రం నిజమేనని నమ్మేసింది.

ఊళ్లో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే రాజబాబు సూదులు పట్టుకుని వచ్చాడు. గంగన్న చెయ్యి చాపాడు. వీరదుర్గ వంటింట్లోంచి కదల్లేదు.

"రా అమ్మా. సూదంటే భయమా?"

"నేనివ్వను తేజా. ఇన్నాళ్లూ నోటితో అన్నారు, భరించాను. ఇప్పుడు నువ్వు చదువుకొచ్చి కాగితం మీద రాసిస్తావా, తప్పు మా అమ్మదేనని?"

"అమ్మా, తప్పెవరిదని వెతకడం లేదు మేము."

"నా రక్తంలోంచి వచ్చిందంటే నేనేమైపోవాలి? నా పెంపకం వల్ల వచ్చిందంటే మాత్రం ఏమైపోవాలి? ఎటు తిరిగినా నేనేగా!"

వసారాలో కూర్చున్న ఆనందమ్మ అందుకుంది. "ఇవ్వనంటే వదిలెయ్యవే. దాని పెంపకం తెలీడానికి రక్తం తియ్యాలా?"

వీరదుర్గ గరిటె పక్కన పెట్టి బయటికి వచ్చింది. పెళ్లయి వచ్చాక అత్తగారి ముందు ఆమె గొంతు లేవడం అదే మొదటిసారి.

"చాలత్తా! పిల్ల మంచం పక్కన కూర్చున్నదాన్ని నేను. మీరన్న మాట ఇప్పటికీ కంచం ముందు కూర్చుంటే నాకు వినపడుద్ది. ఇంక అనొద్దు!"

రాజబాబు తల దించుకున్నాడు. తేజస్విని వెళ్లి నానమ్మ పక్కన కూర్చుంది.

"మామ్మా, అందరినీ అడిగేదే నిన్నూ అడుగుతాను. మన వంశంలో ఇంకెవరైనా తిండి మానేశారా?"

"మాకేం రోగమే? నిక్షేపంగా ఉన్నాం."

"సరే. పొద్దున ఏం తిన్నావు?"

"శనివారం కదే, ఉపవాసం."

"నిన్న?"

"శుక్రవారం, అమ్మవారికి."

"మొన్న?"

"గురువారం... అదీ..." ఆనందమ్మ ఆగిపోయింది.

గంగన్న తల్లి ముఖంలోకి చూశాడు. అమ్మ కంచం నిండా పెట్టుకుని తినగా తనెప్పుడూ చూడలేదని అప్పుడే తట్టింది. సన్నని ఒళ్లు, భక్తి అనుకున్నాడంతే.

"మామ్మా," తేజస్విని మెల్లిగా అడిగింది, "అన్నం చూస్తే నీకెలా ఉంటుంది?"

ఆ ప్రశ్న ఆనందమ్మని ఇంతవరకు ఎవరూ అడగలేదు. కళ్లు నిండిపోయాయి.

"భయమే తల్లీ. కడుపు నిండితే ఏదో పాపం చేసినట్టుంటుంది. మా పుట్టినూరు పాలకాయతిప్పలో చిన్నపిల్లప్పుడు మొదలైంది. తినమని మా అమ్మ కొట్టేది. దెయ్యం పట్టిందని వేపమండలతో కొట్టించారు. ఒకరోజు ఉపవాసమని చెప్పాను. దేవుడి పేరు చెప్పాక ఎవరూ కొట్టలేదు."

మనవరాలి వైపు తిరిగి మళ్లీ అంది.

"నువ్వట్టా చిక్కిపోతుంటే నన్ను నేను చూసుకున్నట్టుండేది. నావల్లేనేమోనని వణికిపోయి, ఆ నెపం దుర్గ మీదికి నెట్టేశాను."

తేజస్విని ఆ ఎండిన చేతిని ఒళ్లోకి తీసుకుంది. "నీవల్ల కాదు మామ్మా. రక్తంలో జబ్బు మొత్తం రాదు, వచ్చే వీలు మాత్రం వస్తుంది. దానికి బయటివి తోడవుతాయి. నాకు హాస్టలు, మార్కుల భయం, ఒళ్లు చూసి వెక్కిరించే స్నేహితులు తోడయ్యారు. పూర్తిగా తెలియడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్పగలను. నువ్వూ అమ్మా కావాలని తెచ్చిపెట్టింది కాదిది. అమ్మ చేసిందల్లా నన్ను బతికించడం."

వీరదుర్గ గోడకి ఆనుకుని జారి కూర్చుండిపోయింది. చాలాసేపు ఏడ్చింది. గుండెల మీంచి బరువు దిగినవాళ్లు ఏడ్చే ఏడుపది.

ఆనందమ్మ గాజులు పైకి తోసుకుని చెయ్యి చాపింది. "ముందు నాది తియ్యి నాయనా. తర్వాత మా కోడలిది."

"అత్తది తీశాక నాది తియ్యి తమ్ముడూ," అంది వీరదుర్గ కళ్లు తుడుచుకుంటూ.

రాజబాబు వెళ్లాక వీరదుర్గ పెరుగన్నం మెత్తగా కలిపి గిన్నెతో అత్తగారి ఎదురుగా కూర్చుంది.

"కొంచెమే అత్తా. భయమేస్తే ఆగుదాం. సోమవారం బెజవాడ డాక్టరు గారి దగ్గరికి నేను తీసుకెళ్తాను."

"ఇన్ని మాటలన్నదాన్ని. నాకు పెడతావా దుర్గా?"

"నోరు తెరవండి ముందు."

ఆనందమ్మ చాలాసేపు తటపటాయించి, కోడలి చెయ్యి పట్టుకుని ఒక ముద్ద మింగింది. కాసేపాగి, ఎవరూ అడగకుండానే మళ్లీ నోరు తెరిచింది.