ముప్పై రెండు స్టిక్కర్లు

...ముప్పై రెండే. రెండుసార్లు లెక్కపెట్టాడు కదా! ఒకసారి బస్సు తలుపు దగ్గర నిలబడి, ఇంకోసారి సీట్ల మధ్య నడుస్తూ. ముప్పై రెండు పచ్చ స్టిక్కర్లు. ఒక్కొక్కరి గుండెల మీద ఒక్కో నంబరు.

లెక్క తప్పలేదు.

మరి మనిషి ఎలా తప్పింది?

బస్సు గుంతలో పడి లేస్తుంది. ఖాళీ సీట్లన్నీ ఒక్కసారి గలగలమంటాయి. హారిబ్ ముందున్న కడ్డీని గట్టిగా పట్టుకుంటాడు.

"ఇంకా తొక్కు అన్నా!"

"ఇది బస్సురా. ఒంటె కాదు, నాలుగు తగిలిస్తే పరిగెత్తడానికి!"

ఖల్ఫాన్ స్టీరింగు మీదికి వంగి ఉన్నాడు. తలకు చుట్టుకున్న ముసర్ జారి చెవి మీద వేలాడుతోంది. సర్దుకోవడం లేదు. ఎనిమిదేళ్లుగా అతను డ్రైవరుగా, హారిబ్ గైడుగా, ఓడలో విహారానికి వచ్చే మనుషులను తిప్పుతున్నారు. ఇంత మౌనంగా ఖల్ఫాన్ ఎప్పుడూ బండి నడపలేదు.

నాలుగూ యాభై.

ఆరు గంటలకు ఓడ మత్రా రేవు వదులుతుంది.

ఎదురుగా కొండలు. వాటి మీద మబ్బు. నల్లగా, బరువుగా... ఏప్రిల్ మబ్బు! కురిసిందంటే వాగులు నిమిషాల్లో పొంగుతాయి.

ఆ మబ్బు కింద ఎక్కడో వాదీ సుఫైర్. వాదీ అంటే వాగు. దాని ఒడ్డున కూలిపోయిన మట్టి ఊరు. పొద్దున పదకొండింటికి ముప్పై రెండు మందిని అక్కడ దింపాడు. ఒంటిగంటా నలభైకి ముప్పై రెండు మందిని ఎక్కించుకున్నాడు.

ముప్పై రెండు స్టిక్కర్లను ఎక్కించుకున్నాడు.

హారిబ్ ఒళ్లో ఒక అబాయా ఉంది. నల్లది. నాసిరకం గుడ్డ. ఓడ మనుషులు మసీదు చూడాలంటే ఆడవాళ్లు ఒళ్లంతా కప్పుకోవాలి. అందుకని కంపెనీయే పొద్దున బస్సులో పంచుతుంది. కొందరు మసీదు దాటగానే తీసేస్తారు. కొందరికి సరదా... ఫోటోల కోసం సాయంత్రం దాకా తొడుక్కునే ఉంటారు. ఈ రోజు పద్నాలుగు ఇచ్చాడు. పద్నాలుగూ తిరిగి వచ్చాయి. పర్యటన ముగిసే చోట, రేవు పక్కనున్న సంత గేటు దగ్గర సంచి పట్టుకుని నిలబడి, ఒక్కొక్కటీ లెక్కపెట్టి మరీ తీసుకున్నాడు. ఒక్కటి తగ్గినా ఆఫీసులో మాట పడాలి.

రేవులో వాటిని మడత పెడుతుంటే తెలిసింది.

పదమూడింటికి చెమట వాసన. ఎండకు రాసుకునే క్రీముల వాసన.

పద్నాలుగో దానికి... బుఖూర్!

ఒమానీ ఇంట్లో బట్టలకు వేసే పొగ. నిప్పుల మీద ఊద్ చెక్క వేసి, పైన బుట్ట బోర్లించి, దాని మీద బట్ట పరిస్తే పట్టే వాసన. ఉతికినా పోదు. పైన వేసుకున్న దానికి కూడా అంటుకుంటుంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డెబ్బై రెండేళ్ల ముసలామెకు ఆ వాసన ఎక్కడిది?

రొమ్ము దగ్గర పచ్చ స్టిక్కరు ఇంకా అంటుకునే ఉంది.

పదిహేడు.

మార్గిట్ హోల్మ్. పొద్దున మెట్లు ఎక్కలేక అతని మోచెయ్యి పట్టుకున్న మనిషి. "నా మోకాళ్లు నాకంటే ముసలివి బాబూ" అని నవ్విన మనిషి.

ఓడ నిచ్చెన దగ్గరికి పరిగెత్తాడు. ఆమె భర్త యెన్స్ హోల్మ్ ఒక్కడే నిలబడి నిమ్మరసం తాగుతున్నాడు.

"మీ ఆవిడ ఏరండీ?"

"సంతలో ఉంది. ఏదో కొనుక్కుంటానంది. వచ్చేస్తుంది." ముసలాయన నవ్వాడు. "మీ పర్యటన చాలా బాగుంది, హారిబ్."

అప్పుడర్థమైంది... ఆమె ఆ కూలిన ఊళ్లోనే ఉండిపోయింది, ఓడ ఆమె కోసం ఆగదు.

రేవులో ఒక పద్ధతి ఉంది. పర్యటన బస్సు రాకపోతే ఓడ ఆగుతుంది. గంటైనా రెండు గంటలైనా ఆగుతుంది. కానీ బస్సు వచ్చేశాక ఎవరైనా సొంతంగా ఊరి మీదికి వెళ్లి తప్పిపోతే... ఓడ ఆగదు. వాళ్ల సామాను రేవులో దింపి వెళ్లిపోతుంది. బస్సు వచ్చిందనడానికి రుజువు ఒక్క కాగితం.

వెళ్లినవారు: 32. తిరిగి వచ్చినవారు: 32.

కింద సంతకం... హారిబ్ బిన్ సులైయం!

అక్కడే అరవాల్సింది. పోలీసు గది ఇరవై అడుగుల దూరంలో ఉంది.

అరవలేదు.

"అన్నా, ఊరి దగ్గర ఒక సామాను మర్చిపోయాను. ఒక్కసారి వెళ్లొద్దాం పద" అన్నాడు. ఎవరికీ తెలియకుండా తీసుకొచ్చేద్దామనుకున్నాడు. ఒక ముసలామెను సామాను అన్నాడు!

దారిలో అసలు సంగతి చెప్పాడు. ఖల్ఫాన్ ముఖం బూడిద రంగుకు తిరిగింది. "ఎలా జరిగిందిరా?" అనైనా అడగలేదు.

టప్... అద్దం మీద మొదటి చినుకు.

"నాది తప్పే అన్నా. కానీ ఆడవాళ్ల ముఖాల్లోకి చూడటం నాకు చిన్నప్పటి నుంచీ లేదు. మా అమ్మ పెంపకం అలాంటిది. వాళ్లు బస్సెక్కుతుంటే తల దించుకుంటాను. స్టిక్కరే చూస్తాను. నీకు తెలుసుగా?"

"తెలుసు."

"పైగా తలగుడ్డ, నల్ల కళ్లద్దాలు, దుమ్మని ముక్కుకు మాస్కు... ఎవరైనా పొరబడతారు."

"ఊఁ."

"నా సిగ్గే నా కొంప ముంచింది అన్నా!"

ఖల్ఫాన్ ఒక్కసారి తల తిప్పి చూస్తాడు. మళ్లీ రోడ్డు వైపు తిరుగుతాడు.

హారిబ్ కళ్లు మూసుకుంటాడు. మూసుకోగానే... ఒక చెయ్యి! తలుపు కడ్డీ పట్టుకున్న చెయ్యి. గోళ్ల మీద ఎర్రటి గోరింట.

కళ్లు తెరుస్తాడు. పర్యటన రోజుల్లో ఆ పాడుబడ్డ ఊళ్లోకి వంటకు వచ్చే ఆడవాళ్లు ఓడ మనుషులకు గోరింటాకు పెడతారు. అందరికీ పెడతారు. అదేం వింత కాదు.

కాదు కదా?

వాన ఒక్కసారిగా కమ్ముకుంటుంది. వైపర్లు తుడవలేకపోతున్నాయి. ఎదురుగా వస్తున్న పికప్ ఒకటి లైట్లు కొట్టి, హారన్ మోగించి, పక్కన ఆగుతుంది. గడ్డం నుంచి నీళ్లు కారుతున్న పెద్దాయన అద్దం దించి అరుస్తాడు.

"మతి ఉందా మీకు? వాదీ దిగుతోంది, వరద! పెళ్లికి వెళ్తున్నారా, చావుకు వెళ్తున్నారా?"

"ఊళ్లో మనిషి ఉంది పెద్దాయనా!"

"ఆ ఊళ్లో దెయ్యాలు తప్ప ఎవరుంటారు? వెనక్కి తిప్పండి!"

ఖల్ఫాన్ తిప్పడు. తొక్కుతాడు! పెద్దాయన తిట్లు వెనకే ఉండిపోతాయి.

ఐదూ ఇరవై. మలుపు. రోడ్డు వాగులోకి దిగే చోటు.

రోడ్డు లేదు!

బ్రేకు! బస్సు జారి, అడ్డం తిరిగి, నీళ్లకు పది అడుగుల దూరంలో ఆగుతుంది. రోడ్డు ఉన్న చోట గోధుమ రంగు నీళ్లు పరుగెడుతున్నాయి. రాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటూ పోతున్నాయి. లోతు చెప్పే ఎర్ర కంబం సగానికి పైగా మునిగిపోయింది. అవతలికి మూడు కిలోమీటర్లు వెళ్తే ఊరు. ఈ వానలో ఏమీ కనబడదు.

హారిబ్ ఫోన్ తీస్తాడు. పోలీసు.

"సార్, ఓడ నుంచి వచ్చిన డానిష్ ఆవిడ ఒకరు..."

"మార్గిట్ హోల్మ్? ఇరవై నిమిషాల కింద భర్త ఫిర్యాదు ఇచ్చాడు. సంతలో వెతుకుతున్నారు."

"సంతలో కాదు సార్. వాదీ సుఫైర్‌లో వెతకాలి. హెలికాప్టరు..."

"వాదీలోనా? పర్యటన బస్సు తిరిగి వచ్చినట్లు గైడు సంతకం ఉంది ఇక్కడ."

"గైడుని నేనే సార్."

అవతల కాగితం తిప్పిన చప్పుడు.

"మరి ఏమంటావు?"

"లెక్కలో ఏదో... పొరపాటు జరిగి ఉండవచ్చేమో అని..."

"ఏమోనా? తమ్ముడూ, కొండ కింద రెండు కార్లు కొట్టుకుపోతున్నాయి. ఒక దాని మీద పిల్లలున్నారు. నా దగ్గర హెలికాప్టరు ఒక్కటే ఉంది. గంటలో చీకటి. నీ 'ఏమో' కోసం పంపనా? ఆవిడ బస్సెక్కకపోవడం నువ్వు చూశావా? అనుకుంటున్నావా?"

హారిబ్ ఒళ్లోని అబాయా వైపు చూస్తాడు.

ఆ చెయ్యి. ఆ గోళ్లు.

"...అనుకుంటున్నాను సార్."

"తెలిశాక చెయ్యి."

ఫోన్ కట్!

వాన బస్సు పైకప్పును వాయిస్తోంది. హారిబ్ ఫోన్ వైపే చూస్తూ కూర్చుంటాడు. చెడ్డవాడు అబద్ధం చెప్పి తప్పించుకుంటాడు. తను 'ఏమో' అని తప్పించుకున్నాడు.

ఏదో చప్పుడు. తాళంచెవి.

ఖల్ఫాన్ జేబులోంచి తీసి డాష్‌బోర్డు మీద పెట్టాడు. పాతది. అరచెయ్యంత ఇనుప తాళంచెవి.

"ఖర్జూరాల కొట్టుది" అంటాడు. "కింది వరసలో, వాగు పక్కన ఉంటుంది చూడు... ఆ గది. ముసలామె అందులో నిద్రపోతోంది. టీలో ఆమె భర్తే ఏదో కలిపాడు."

హారిబ్‌కు మొదట మాటలు అర్థం కావు. తరువాత అర్థమవుతాయి. ఎగిరి అతని గొంతు దగ్గర పొడవాటి దిష్‌దాషా అంగీని పట్టుకుంటాడు.

"నువ్వా!"

"మూడేళ్లుగా అదే ఓడలో వస్తున్నాడురా. మా అబ్బాయి మాజిద్‌కు తన దేశంలో చదువు చూస్తానన్నాడు. భార్యాభర్తల గొడవ, ఓడ తప్పితే చాలు, ఆమెను విమానంలో పంపేద్దాం అన్నాడు. రాత్రికి నేనే వచ్చి తలుపు తీసేవాణ్ణి. చంపాలని కాదు! దేవుడి మీద ఒట్టు, చంపాలని కాదు! ఈ వాన వస్తుందని నాకేం తెలుసు?"

"బస్సులో వచ్చింది ఎవరు?"

ఖల్ఫాన్ తల వాల్చేస్తాడు.

"షంసా."

అతని భార్య! ఆ ఊళ్లోకి వంటకు వచ్చే ఆడవాళ్లలో ఒకతె. హారిబ్ ఆమె చేతి వంట తిన్నాడు. ఆమె పోసిన కాఫీ తాగాడు. తన అబాయా మీద ముసలామె అబాయా, స్టిక్కరుతో సహా, తొడుక్కుని ఎక్కింది. సంత దగ్గర పైది విప్పి సంచిలో వేసింది. వందమంది నల్ల బట్టల ఆడవాళ్లలో కలిసి నడిచి వెళ్లిపోయింది.

"నువ్వు ముఖాలు చూడవని ఆయనకు నేనే చెప్పాను" అంటాడు ఖల్ఫాన్. "మావాడు గౌన్లు లెక్కపెడతాడు, మనుషులను లెక్కపెట్టడు అని... ఇద్దరం నవ్వుకున్నాం కూడా."

హారిబ్ పిడికిలి లేస్తుంది.

"కొట్టు. తప్పకుండా కొట్టు. కానీ ఒక మాట విని కొట్టు." ఖల్ఫాన్ కళ్లలోకి నీళ్లు వస్తున్నాయి. "డ్రైవరుకు అద్దం ఉంటుందిరా. షంసా ఎక్కేటప్పుడు నేను అద్దంలో నిన్నే చూస్తున్నాను. పట్టుకుంటావేమోనని నా ప్రాణం పోతోంది."

హారిబ్ పిడికిలి దించడు.

"నువ్వు ఆమె చెయ్యి చూశావు."

"లేదు!"

"చూశావు. అక్కడే ఆగిపోయావు. ముసలామె చెయ్యి కాదని నీకు తెలిసింది. నోరు తెరిచావు కూడా! అప్పుడు గడియారం చూసుకున్నావు. బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యం. ఇంకోసారి ఆలస్యమైతే ఉద్యోగం ఉండదని ఆఫీసులో చెప్పారు. ఆ తరువాత... ఆ తరువాత తల దించుకున్నావు. అంతకు ముందు కాదు."

హారిబ్ పిడికిలి గాలిలోనే ఉండిపోతుంది.

సిగ్గు. ఎంత మంచి మాట! ఎనిమిదేళ్లుగా ఆ మాటను శుభ్రమైన బట్టలా తొడుక్కుని తిరిగాడు. అమ్మ పేరు చెప్పి కప్పుకున్నాడు. దాని లోపల ఉన్నది సిగ్గు కాదు. తొందర. భయం. ఒక ముసలామె కంటే పెద్దదైన గడియారం. కడ్డీ మీద నున్నటి, పడుచు చెయ్యి. మెట్టు మీద తేలికైన అడుగు. మోకాళ్ల గురించి ఒక్క మాట లేదు. అర నిమిషం. ఆ అర నిమిషం అతనికి అంతా తెలుసు.

తరువాత "ముప్పై రెండు" అన్నాడు. గట్టిగా అన్నాడు.

అసలైన సిగ్గు ఇప్పుడు వస్తోంది. వేడిగా, చెవుల్లోంచి.

"నీళ్లు తగ్గుతాయి" అంటున్నాడు ఖల్ఫాన్. "వాదీ ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోతుంది. రెండు గంటలు. ఇద్దరం నడిచి వెళ్దాం. నేను తాళం తీస్తాను. ఎవరికీ తెలియదు. నీ ఉద్యోగం నీకుంటుంది. నా షంసా నాకుంటుంది."

"ఆ గది గుమ్మం ఎంత ఎత్తు?"

ఖల్ఫాన్ వాగు వైపు చూస్తాడు.

"ఎంత ఎత్తు అన్నా?"

"...మోకాలంత."

ధన్! బయట ఏదో పేలినట్లు శబ్దం. ఇద్దరూ ఉలిక్కిపడతారు. ఎర్ర కంబం విరిగిపోయింది! నీళ్లు ముందు చక్రాలను తాకుతున్నాయి.

హారిబ్ ఫోన్ తీస్తాడు.

"వద్దురా!" ఖల్ఫాన్ మీద పడతాడు. "షంసాను జైల్లో పెడతారు! నేనేమీ చెప్పలేదంటాను! తాళంచెవి వాగులో పారేస్తాను! నీ సంతకం ఒక్కటే మిగులుతుంది, తెలుసా? నీ ఒక్కడి సంతకం!"

పెనుగులాట. మోచెయ్యి పెదవికి తగులుతుంది. నోట్లో రక్తం రుచి. ఫోన్ జారి కింద పెడల్స్ మధ్య పడుతుంది. నొక్కిన నంబరు అప్పటికే అవతల మోగుతోంది.

"హలో? పోలీసు."

ఖల్ఫాన్ అతని నడుము పట్టుకుని లాగుతున్నాడు. హారిబ్ నేల మీదికి జారిపోతాడు. చెంప రబ్బరు చాపకు ఆనుతుంది. ఫోన్‌కు జానెడు దూరం.

"హలో! ఎవరు?"

"గైడుని సార్! వాదీ సుఫైర్! కింది వరసలో, వాగు పక్క ఖర్జూరాల కొట్టు! తలుపుకు తాళం వేసి ఉంది!"

"మళ్లీ నువ్వేనా? ఎవరు చెప్పారు నీకు?"

ఖల్ఫాన్ చేతులు ఒక్కసారిగా ఆగిపోతాయి. అతని ఊపిరి మాత్రం వినబడుతోంది.

డ్రైవరు చెప్పాడు అనవచ్చు. నన్ను మోసం చేశారు అనవచ్చు. నాకేమీ తెలియదు అనవచ్చు. అన్నీ నిజంలాగే ఉంటాయి.

"సంతకం పెట్టిన చేత్తోనే ఫోన్ చేస్తావేంటయ్యా?" అవతలి గొంతు కరుకుగా వస్తుంది. "కారు మీద పిల్లలను ఇప్పుడే ఎక్కించుకున్నారు. హెలికాప్టరు ఎటు తిప్పాలో ఈ నిమిషం చెప్పాలి నేను. సంత అంటోంది కాగితం. వాదీ అంటున్నావు నువ్వు. ఒక్కటే అడుగుతున్నాను. నువ్వు చూశావా, లేదా?"

చక్రాల కింద నీళ్ల చప్పుడు.

హారిబ్ చెయ్యి చాచి ఫోన్‌ను దగ్గరికి లాక్కుంటాడు. పెదవి దానికి తగిలేంత దగ్గరికి.

"చూశాను సార్. చూసే సంతకం పెట్టాను."