పెళ్లిచూపుల్లో కేసరి

జనాలకు హెల్త్ పాలసీలు అమ్ముకునే యువరాజ్‌కు ముప్పై నిండకుండానే షుగర్ వచ్చింది. పొద్దున తొమ్మిదికి కుర్చీలో కూర్చుంటే సాయంత్రం ఆరుకు లేచే మనిషికి అది రాక ఇంకేం వస్తుంది పాపం.

తిరువళ్లూరు క్లినిక్‌లో డాక్టరు మాత్రలు రాసి, పక్కగదిలో డైటీషియన్ని చూసి పొమ్మన్నాడు. పక్కగదిలో ధరణి ఉంది. ఆమెను చూడగానే యువరాజ్ పొట్ట లోపలికి లాక్కున్నాడు. ఆమె అది గమనించి కూడా కాగితం మీద బరువు ఉన్నదున్నట్టే రాసుకుంది.

"రోజుకు టీ ఎన్ని సార్?"

"రెండే మేడమ్."

"ఇంట్లోనా, ఆఫీసులోనా?"

"ఇంట్లో రెండు. ఆఫీసులో నాలుగు. క్లయింట్లు వస్తే ఇంగొగటి. అది వాళ్లకోసం తాగేది గదా, లెక్కలోకి రాదు."

"మరి షుగరు వాళ్లకు రాలేదే."

యువరాజ్‌కు ఒళ్లు మండింది. "కొంచెం నవ్వతా చెప్తే బాగుంటాది మేడమ్."

"నేను నవ్వితే మీకు తగ్గుతాదంటే పొద్దస్తమానం నవ్వతా సార్."

సగం ప్లేటు కూర, పావు ప్లేటు అన్నం, చక్కెర లేని టీ, రోజూ నలభై నిమిషాల నడక. ఆ చీటీ పాండూరులో తల్లి కుప్పమ్మకు చదివి వినిపిస్తే, "ఇంత అన్నం మన కోడికి పెట్టినా అలుగుతాది" అంది.

డాక్టరు కాళ్లు పోతాయన్నా, కళ్లు పోతాయన్నా కదలనివాడు మర్నాటి నుంచే పొలం గట్ల మీద నడక మొదలుపెట్టాడు. నెలకొకసారి రమ్మంటే వారానికొకసారి క్లినిక్‌కు వెళ్లాడు. పిల్లవాడికి ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధో అని ఊరు మెచ్చుకుంది. ఆదివారాలైతే ఏకంగా తిరుత్తణి గుడి కొండ మెట్లెక్కాడు.

మూడు నెలలకు పరీక్ష చేస్తే, షుగర్ సగటు లెక్క తొమ్మిదిన్నర కాస్తా తొమ్మిదికి దిగింది. అంత కష్టానికి అంతే ఫలం.

ధరణి రిపోర్టు తిప్పి తిప్పి చూసింది. "ఈ ఆదివారం కొండకు నేనూ వస్తా. మాది తిరుత్తణే."

ఆ వారమంతా యువరాజ్ ఏ చొక్కా వేసుకోవాలో తేల్చుకోలేకపోయాడు. చివరికి వేసుకున్న చొక్కా కూడా మెట్ల మీద సన్నటి వానకు తడిసి ఒంటికి అతుక్కుని, ఇంకా లోపలికి పోని పొట్టను ఊరందరికీ చూపించింది.

దర్శనం అయ్యాక అతను అలవాటుగా దొన్నె నిండా చక్కెర పొంగలి తెచ్చుకున్నాడు.

"అదేంది?" అంది ధరణి.

"ప్రసాదం."

"ప్రతి ఆదివారమూనా? ఇంతా?"

"ఇన్ని మెట్లెక్కి వద్దంటే సామికి కోపం రాదా? అయినా ప్రసాదంలో షుగర్ యాడుంటాది?"

"ప్రసాదంలో లేకపోతే పోనీండి. మీలో ఉండాది గదా. కండ్లకద్దుకుని రవ్వంత నోట్లో వేసుకుంటే చాలు. సామేమన్నా తూకమేసి పెట్టినాడా?"

రవ్వంత అతని చేతిలో పెట్టి, దొన్నె లాక్కుని, మిగతాదంతా ఆమే తినేసింది. అతను చూస్తుండగానే అడుగు దాకా తినింది. యువరాజ్‌కు కోపం రావాలి. రాలేదు. ఆమె పెదవి చివర అంటుకున్న మెతుకును చూస్తూ వానలో అలాగే నిలబడిపోయాడు.

"మేడమ్, నా వంతు ప్రసాదం జీవితాంతం మీరే తింటారా?"

ధరణి ముప్పై మెట్లు దిగి వెనక్కి తిరిగింది.

"ఇంటికొచ్చి అడగండి. మీ షుగర్ సంగతి మావాళ్లకు మీ నోటితోనే చెప్పాల. నేను చెప్పను. దాచిపెట్టే మనిషితో నేను బతకలేను."

ఇంకో మూడు నెలలకు లెక్క ఏడుకు దిగింది. పెళ్లిచూపులకు రోజు కుదిరింది. కుప్పమ్మ మాత్రం ట్రైనులో తిరుత్తణి వచ్చేదాకా ఒకటే పాట.

"తాళి కట్టినాక చెప్పుకోరా. ముందే చెప్తే పిల్లనెవరిస్తారు? వాళ్లు పెట్టిన కేసరి మాట్లాడకుండా తిను. మన పక్క కేసరి ముట్టకపోతే పిల్ల నచ్చలేదనే అర్థం."

ధరణి తండ్రి కోదండరామ ఎదురొచ్చి కూర్చోబెట్టాడు. తల్లి దేవకి కేసరిలో నెయ్యి ఎంత పోసిందో వీధి చివరికే తెలిసిపోయింది. ధరణి ప్లేటు తెచ్చి అతని ముందు పెట్టి, ఒక్కసారి అతని కళ్లలోకి చూసి, తలుపు పక్కన నిలబడింది.

"తిను నాయనా, నోరు తీపి చేసుకున్నాకే మాటలు" అన్నాడు కోదండరామ.

కుప్పమ్మ కొడుకు తొడ గిల్లింది. యువరాజ్ స్పూను ఎత్తాడు. ఒక్క స్పూను తింటే కథ కంచికి, తాను పెళ్లిపీటల మీదికి. ధరణి మాత్రం తనతో రాదని అతనికి తెలుసు. స్పూను దించేశాడు.

"నాకు షుగరుండాది మామా."

కుప్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవకి ముఖం మాడిపోయింది. "పిల్ల నచ్చలేదని చెప్పలేక ఈ సాకా?"

"నచ్చకుంటే మింగేసి పోయుందును అత్తా. నచ్చింది గాబట్టే తినలే."

"రేపు నీకేమన్నా అయితే నా బిడ్డ గతేంది?" కోదండరామ గొంతు గట్టిపడింది.

"ఏమీ కాదని రాసియ్యలేను మామా. పాలసీలమ్మేవాణ్ణి, ఆ మాట ఎవురూ రాసియ్యరని నాకు తెలుసు. మాత్రలేసుకుంటా ఉండా, నడస్తా ఉండా. తొమ్మిదిన్నర నుంచి ఏడుకొచ్చినాను. మీ అమ్మాయి తిట్టబట్టి వచ్చినాను. నేను చెప్పగలిగింది ఇంతే."

"ఇంత నిజం చెప్పేవాడివి పాలసీలెట్లా అమ్ముతావబ్బా" అంటూ కోదండరామ, ఆ కేసరి వృథా పోకూడదన్న సదుద్దేశంతో ప్లేటు తన వైపు లాక్కున్నాడు.

ధరణి వచ్చి ప్లేటు తీసేసుకుంది. "నీకూ వద్దు నాయనా."

"ఆయనకెందుకే వద్దు?" అంది దేవకి.

"ఆయన్నే అడుగమ్మా. నేను చెప్పను."

కోదండరామ తలెత్తి ఫ్యాను వైపు చూడసాగాడు. దేవకి మొగుడి వైపు చూడసాగింది. ఆ సందులో ధరణి యువరాజ్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, అతని ప్లేటులోని కేసరి తినడం మొదలుపెట్టింది. తొందరేం లేకుండా, జీడిపప్పుతో సహా, అడుగు దాకా తినింది.

కుప్పమ్మ కొంగు దించింది.

"కేసరి తినేసింది" అంది మెల్లగా. "అయితే పిల్లకు మావోడు నచ్చినట్టే."