నాలుగింటి పడవ

చీఫ్ బ్రీఫింగ్‌కి ఎంచుకున్న చోటు సముద్రపొడ్డు పార్కులోని అక్వేరియం. సొరచేప తొట్టి ముందు నిలబడి, చేపతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు. రహస్యమంటే ఆయన దృష్టిలో అదే.

"మైక్రోఫిల్మ్. విదేశాల్లో పనిచేస్తున్న మన పదకొండు మంది ఏజెంట్ల పేర్లు. ఈ మధ్యాహ్నం లైట్‌హౌస్ పైన చేతులు మారబోతోంది."

"ఎవరు చెప్పారు?"

"నెమలి."

ఏజెంట్ కాకర మొహం చిట్లించాడు. నోటి చేదు వల్ల డిపార్ట్‌మెంట్‌లో అతనికా పేరు స్థిరపడింది. నెమలి, శత్రుముఠాలో డిపార్ట్‌మెంట్ నాటిన మనిషి. నల్లకళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్. ఆమె గదిలోకి వస్తే చీఫ్ ఫైలు తలకిందులుగా పట్టుకుని చదివేవాడు.

"మీరూ ఆమే భార్యాభర్తల్లా వెళ్ళండి. ఫిల్ము తీసుకుని ఇద్దరూ నాలుగింటి పడవెక్కేయండి," అని చీఫ్ గొంతు తగ్గించాడు. "ఆరో పేరు మీ తమ్ముడిది." తర్వాత ఒక పెన్ను చేతిలో పెట్టాడు. "నొక్కితే మత్తుసూది."

కాకర తమ్ముడి మాట ఎత్తకుండా పెన్నుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "రాస్తుందా?" అన్నాడు.

"రాయదు."

ఆ మధ్యాహ్నం కాకర, నెమలి పార్కులోంచి లైట్‌హౌస్ వైపు నడిచారు. టూరిస్టులు సముద్రానికి వీపు తిప్పి తమ ఫొటోలు తామే తీసుకుంటున్నారు. బొమ్మరైలు దగ్గర ఒక బెలూన్లవాడు, పిల్లలు దగ్గరికొస్తే కసురుకుంటున్నాడు. మీసం ఒకవైపు ఊడి వేలాడుతోంది. వీడు ముఠావాడే అయితే, ఇలాంటి ముఠాకి భయపడాల్సి రావడమే కాకరకి అవమానంగా తోచింది.

"వాడెవడు?"

"ఎవడో పొట్టకూటి మనిషి లెండి," అంటూ నెమలి చెయ్యి పట్టి లాగింది. "పదండి, టైమవుతోంది."

లైట్‌హౌస్ గుమ్మం దగ్గర ఆగింది. "మీరు పైకెళ్ళండి. నేనిక్కడ కాపలా ఉంటా. త్వరగా కానివ్వండి, నాలుగింటికి మేం పడవలో ఉండాలి."

కాకర తలూపి మెట్లెక్కాడు. పదో మెట్టు మీద కాలు ఆగిపోయింది.

మేం.

తనూ ఆమే కలిసి ఎక్కాల్సిన పడవ అది. అలాంటప్పుడు 'మనం' అనాలి. 'మేం' అంటే ఆ పడవలో తను లేడు, ఇంకెవడో ఉన్నాడు. పలక పట్టని పిల్లలు కూడా పొరబడని మాట. మూడేళ్ళు ముఠాతో తిరిగి ఆవిడ మనిషే మారిపోయింది. నాలుక ఆ సంగతి దాచలేకపోయింది. పైన ఫిల్ము లేదు. తుపాకీ ఉండి ఉంటుంది.

కిందికి దిగేసరికి గుమ్మం ఖాళీ.

పరుగున జెట్టీ చేరాడు. పడవ నడిపే సరంగు అప్పుడే తాడు విప్పేశాడు. పడవ అంచున బెలూన్లవాడు, బెలూన్లు లేకుండా. నెమలి ఒక కాలు పడవలో పెట్టబోతూ వాడికి తన లిప్‌స్టిక్ అందిస్తోంది.

కాకర పెన్ను నొక్కాడు. సూది రాలేదు. రాయదన్న పెన్నులోంచి సిరా కారింది.

చీఫ్‌ని మనసారా తిట్టుకుంటూ ఒక్క దూకు దూకి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వాడి వేళ్ళకీ లిప్‌స్టిక్‌కీ మధ్య జానెడు దూరం. వాడింకాస్త వంగాడు. పడవ కదిలింది. ముందు మీసం తేలింది, తర్వాత కేకలు పెడుతూ వాడు తేలాడు. సముద్రం మీద పనికి ఈత రానివాణ్ణి పంపిన ముఠా అది. సరంగు కర్ర అందించి వాణ్ణి గట్టుకి లాగాడు.

కాకర ఆమె చేతిలోని లిప్‌స్టిక్ లాక్కుని అడుగు తిప్పి చూశాడు. ఫిల్ము చుట్ట అక్కడే ఉంది. తమ్ముడు బతికాడు. చుట్టని లోపలి జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

నెమలి కళ్ళద్దాలు తీసి మెత్తగా నవ్వింది. "గొడవెందుకండీ? మనం కూర్చుని మాట్లాడుకుందాం."

"ఆ 'మనం' అనే ముక్క లైట్‌హౌస్ దగ్గర అనుంటే," అన్నాడు కాకర సంకెళ్ళు వేస్తూ, "ఈపాటికి పడవలో ఉండేదానివి."