రెండు కలిపి చెప్పే చక్రం

రోడ్ల మీద కార్లకి స్టీరింగ్ పీకేసి అప్పటికి ఒక తరం గడిచింది. కారే తీసుకెళ్తుంది, కారే దింపుతుంది. మనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుని పెళ్ళిచూపుల్లో కూచున్నట్టు కూచోవాలి. సొంత చేత్తో తోలాలన్న తీట చావనివాళ్ళకి కర్నూలు అవతల రాతిగుట్టల మధ్య ఒక ట్రాక్ మిగిలింది. అక్కడ స్పోర్ట్స్ కార్లని జూలో పులుల్ని సాకినట్టు సాకుతున్నారు.

ఆ మిట్టమధ్యాహ్నం ట్రాక్ మీద రెండే కార్లున్నాయి. రెంటికీ అచ్యుత్ కనిపెట్టిన ఊపిరి చక్రాలే. ఒకదాన్ని అతని చెల్లెలు మంజీర నడుపుతోంది. రెండోది పక్క పిట్‌లోని, అంటే గోడ అవతల కార్లు ఆపి సరిచేసే చోటులోని, మస్తాన్ జట్టుది.

టైరు పరిగెత్తేకొద్దీ కాగుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది. గాలి ఎక్కువైతే టైరు నడుమ మాత్రమే రోడ్డుకి ఆని, మలుపులో జారిపోతుంది. తక్కువైతే పక్కగోడ మడతపడి, కాలి, చిరుగుతుంది. అందుకే వెనకటివాళ్ళు చల్లటి టైరులో కాస్త తక్కువ గాలి పెట్టి, తిప్పుకొచ్చి, వేడి మీదే గాలి కొలిచే గేజీ పెట్టి సరిచేసుకునేవాళ్ళు. ఊపిరి చక్రానికి ఆ తంటా లేదు. ఇరుసులోని పంపు పరుగులోనే గాలి పీలుస్తుంది, వదులుతుంది. పైగా చక్రాలు మాట్లాడుకుంటాయి. మూడో మలుపు మండిపోతోంది, నేను ఇంత గాలితో దాటాను అని ఒక కారు ఇంకో కారుకి కబురు పంపుతుంది.

వాటికి మాట నేర్పడానికి అచ్యుత్ పిట్‌లోని మనుషుల మాటల రికార్డింగులన్నీ పోశాడు. అతని దగ్గర ఉన్నవి అవే. ఒక్క జాగ్రత్త తీసుకున్నాడు. చక్రానికీ చక్రానికీ మధ్య అబద్ధం నడవకుండా తాళం వేశాడు.

"ఎంత పెట్టినావప్పా?" మస్తాన్ గోడ మీంచి తొంగిచూశాడు.

"ముప్పై ఒకటి," అన్నాడు అచ్యుత్. పెట్టింది ఇరవై తొమ్మిది.

మస్తాన్ పకపకా నవ్వాడు. పిట్‌లో టైరు గాలి ఎంతని అడిగినవాడికి రెండు పౌండ్లు కలిపి చెప్పడం తాతల నాటి మర్యాద. విన్నవాడు మనసులో రెండు తీసేసుకోవడమూ మర్యాదే. "చక్రాలు కనిపెట్టినావు గానీ నీ నోరు మాత్రం పాతదే సామీ!"

మొదటి చుట్టు అయింది.

"ఊపిరీ, ముందు ఎడమ టైరు ఎంత?" అచ్యుత్ యంత్రాన్ని అడిగాడు.

"ఇరవై తొమ్మిది."

రెండో చుట్టు తర్వాత అడిగాడు. ఇరవై తొమ్మిది. అంత ఎండలో అంకె కాస్తయినా ఊగాలి కదా? మూడో చుట్టు తర్వాత మళ్ళీ అడిగాడు. ఇరవై తొమ్మిదే.

"అన్నయ్యా," రేడియోలో మంజీర గొంతు. "బండి మెత్తగా ఉంది. మలుపులో బురదలో దిగినట్టు ఒరుగుతోంది."

"అంకె సరిగ్గానే ఉందమ్మా."

"అంకె నువ్వు చూస్తున్నావు. కూచుంది నేను."

నాలుగో చుట్టు తర్వాత అచ్యుత్ చెమట తుడుచుకుని మళ్ళీ అడిగాడు. ఇరవై తొమ్మిది. చెల్లెలి మాట ఒకపక్క, యంత్రం మాట ఒకపక్క. చదువుకున్నవాడు కదా, యంత్రాన్నే నమ్మాడు.

అంతలో మస్తాన్ గోడ దూకి పరిగెత్తుకొచ్చాడు. మొహంలో నవ్వు లేదు. "ఆపప్పా! మావాడి బండి ఒరుగుతాంది. నేను లోపలికి పిలిచినా. పాపని కూడా పిలువు!"

అచ్యుత్ అతని కళ్ళలోకి చూశాడు. పదిహేనేళ్ళుగా ఈ మనిషి ఏది చెప్పినా అందులోంచి కొంత తీసేసే విన్నాడు. నా బండి లోపలికొస్తే వీడి బండి ఒంటరిగా పరిగెత్తి రికార్డు కొట్టుకుంటుంది, అంతేగా? మంజీరని పిలిచే రేడియో బటన్ మీద పెట్టిన వేలు అక్కడే ఉండిపోయింది.

"నీకు దండం పెడతా, నమ్మప్పా!"

మస్తాన్ కారు నిజంగానే ఒక పక్కకి కుంటుతూ పిట్‌లోకి వచ్చింది. అచ్యుత్ అప్పుడు నొక్కాడు. అప్పటికే మూడో మలుపులో మంజీర కారు ముందు చక్రం మడతపడింది. కారు గిర్రున తిరిగింది. దుమ్ము లేచింది. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు.

దుమ్ములోంచి కారు మెల్లగా బయటికొచ్చింది. గోడకి బెత్తెడు దూరంలో ఆగి, మళ్ళీ కదిలిందట.

కారు పిట్‌లో ఆగగానే అచ్యుత్ మోకాళ్ళ మీద కూలబడి పాత గేజీ పెట్టాడు. ముల్లు ఇరవై ఒకటి దగ్గర నిలబడింది.

"ఎందుకు తగ్గించావు?" యంత్రం మీద అరిచాడు.

"పక్క కారు తన గాలి ఎంతో చెప్పింది. చెప్పినదాంట్లో రెండు తీసేసి, ఆ లెక్కకి నా గాలి దించాను. నేను చెప్పినదాంట్లో రెండు తీసేసి అది తన గాలి దించింది. ప్రతి చుట్టూ అంతే."

"అది నిజమే చెప్పింది కదరా! తాళం వేశాను కదా!"

"అబద్ధం చెప్పకుండా వేశారు. నమ్మమని నేర్పలేదు."

"మరి నాకెందుకు ఇరవై తొమ్మిది అన్నావు?"

"మీరు అడిగారు. అడిగినప్పుడల్లా ముందు కలిపినదానికి ఇంకో రెండు కలిపాను. నాలుగుసార్లు అడిగారు."

మస్తాన్ తల దించుకుని తన చెప్పులకేసి చూస్తున్నాడు. మంజీర హెల్మెట్ తీసింది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది.

"ఎంత ఉందన్నయ్యా?"

అచ్యుత్ అరచేతిలో గేజీ ఉంది. ముల్లు కదల్లేదు.

"ఇరవై మూడు," అన్నాడు.

మంజీర అతని మొహంలోకి చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో.

"అంటే ఇరవై ఒకటి," అని హెల్మెట్ అతని చేతికిచ్చి వెళ్ళిపోయింది.